ప్లేస్‌మెంట్ శాతం కాదు, దాని కింద ఉన్న అంకె అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చంద్రగిరి దగ్గర ఉంటారు. అబ్బాయికి ఈఏపీసెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చింది. తిరుపతి, చిత్తూరు మధ్య మూడు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు చూసొచ్చారు. మూడు చోట్లా ఒకే పాట: 95 శాతం ప్లేస్‌మెంట్, హయ్యెస్ట్ ప్యాకేజీ 44 లక్షలు. ఎవర్ని నమ్మాలి? చదివి బయటికెళ్లిన పిల్లలకు ఏ ఉద్యోగాలొచ్చాయో కాలేజీలు లెక్క చెప్పి తీరాలని ప్రభుత్వం రూలెందుకు పెట్టదు?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబులోనే మొదటిదానికీ దారి ఉంది.

రూలు లేకపోవడం కాదండీ, నాలుగు చోట్ల ఉంది. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉన్న ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో ‘మాండేటరీ డిస్‌క్లోజర్’ అనే పత్రం పెట్టాలి. అందులో గత మూడేళ్ల క్యాంపస్ ప్లేస్‌మెంట్లు, కనిష్ఠ, గరిష్ఠ, సగటు జీతాలతో సహా ఉండాలి. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే కాలేజీ ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమంది ప్లేస్ అయ్యారు, వాళ్ల మీడియన్ జీతం (జీతాలు వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నది) ఎంత అన్నది ఏటా నింపాలి, దాన్ని తన సైట్‌లోనూ పెట్టాలి. కోర్సుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కోసం బ్రాంచి వారీగా రాసే రిపోర్టులో ప్లేస్‌మెంట్, పైచదువులు, సొంత వ్యాపారం కలిపి ఒక సూచీ కట్టాలి. కాలేజీ మొత్తానికి గ్రేడు ఇచ్చే నాక్ కోసం ఐదేళ్ల ప్లేస్‌మెంట్ జాబితా కంపెనీ పేరు, ప్యాకేజీతో ఇవ్వాలి. చాలాకాలంగా వాడిన పద్ధతిలో ఆ అంశం నంబరు 5.2.1. ఏ కాలేజీలోనైనా నాణ్యత చూసే విభాగం (ఐక్యూఏసీ) వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

మరి గొడవెక్కడ? నాలుగు చోట్లా అంకె చెప్పేది కాలేజీయే, నాలుగు చోట్లా లెక్క కట్టే పద్ధతి వేరు. ఒకరు సగటు అడుగుతారు, ఒకరు మీడియన్ అడుగుతారు. ఒకరికి చివరి ఏడాది పిల్లలందరూ లెక్క, ఇంకొకరికి పాసై వెళ్లినవాళ్లే లెక్క. దాంతో ఒకే కాలేజీ, ఒకే సంవత్సరం, నాలుగు రకాల శాతాలు. హోర్డింగ్ మీదిది ఐదోది, దానికి లెక్క కట్టే పద్ధతంటూ ఏదీ లేదు.

శాతం అంటే భిన్నమే కదా. పైన లవం, కింద హారం. రేణిగుంట రోడ్డు పొడవునా కనిపించే హోర్డింగుల్లో లవం మాత్రమే ఉంటుంది. హారం ఎవరూ రాయరు. కిటుకంతా అక్కడే.

ఊహా లెక్క ఒకటి చూపిస్తాను. ఒక కాలేజీలో సీఎస్‌ఈకి 180 సీట్లు. 150 మంది చేరారు. రెండో ఏడాదిలో ఈసెట్ ద్వారా డిప్లొమా పిల్లలు 18 మంది కలిశారు. మొత్తం 168. నాలుగేళ్లలో బ్యాక్‌లాగ్స్ లేకుండా టైముకి పాసైనవాళ్లు 118. అందులో ‘సిక్స్‌టీ త్రూఅవుట్’ ఉన్నవాళ్లు, అంటే టెన్త్‌లో, ఇంటర్లో, బీటెక్‌లో మూడింటా 60 శాతం దాటినవాళ్లు, 90. వాళ్లలో ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు 84. ఆ 84 మందికి వచ్చిన ఆఫర్లు 97. కానీ కొందరికి రెండేసి, మూడేసి రావడంతో కనీసం ఒక ఆఫర్ ఉన్న పిల్లలు 71. చివరికి నిజంగా ఉద్యోగంలో చేరినవాళ్లు 52.

ఇప్పుడు ఈ కాలేజీ ప్లేస్‌మెంట్ శాతమెంత? 97ని 84తో భాగిస్తే వంద దాటిపోతుంది. అది చూడ్డానికి బాగోదు కాబట్టి ‘100 శాతం’ అని ఆపుతారు. 71ని 84తో భాగిస్తే 84.5. పాసైన 118తో భాగిస్తే 60.2. చేరిన 168తో భాగిస్తే 42.3. ఉద్యోగంలో చేరిన 52ని 168తో భాగిస్తే 31. ఆ ‘100’ తప్ప ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అలిపిరి నుంచి నడిచి బయల్దేరిన గుంపులో ఎంతమంది కొండెక్కారని మీరడిగితే, పైన గాలిగోపురం దగ్గర నిలబడి అక్కడిదాకా వచ్చినవాళ్లలో ఎంతమంది ఎక్కారో చెప్పడం లాంటిది.

తండ్రిగా మీకు కావాల్సిన హారం 168. మీ అబ్బాయి సీఎస్‌ఈలో చేరినరోజున ‘ఎలిజిబుల్ అండ్ రిజిస్టర్డ్’ అవుతాడో లేదో ఎవరికీ తెలియదు. వాడు ఆ 168లో ఒకడు, అంతే.

హారం ఎలా పట్టుకోవాలంటే, మన జిల్లాల్లో అనుబంధ కాలేజీలన్నీ అనంతపురం జేఎన్‌టీయూ కిందివి కాబట్టి హాల్ టికెట్ నంబరే మీకు సగం పని చేసిపెడుతుంది. 22ఎక్స్‌వై1ఏ0547 అనుకోండి. 22 అంటే 2022లో చేరిన బ్యాచ్. ఎక్స్‌వై ఉన్నచోట కాలేజీ కోడ్. 1ఏ అంటే మొదటి ఏడాదిలో చేరినవాడు. 05 సీఎస్‌ఈ (01 సివిల్, 02 ఈఈఈ, 03 మెకానికల్, 04 ఈసీఈ). 47 వరస నంబరు. 99 దాటాక ఏ0, ఏ1 అని అక్షరాలతో సాగుతుంది. అదే బ్యాచ్‌లో డిప్లొమా నుంచి వచ్చినవాడి నంబరు 23తో మొదలై మధ్యలో 5ఏ ఉంటుంది.

కాలేజీకి వెళ్లినప్పుడు టీపీఓ గారిని (ప్లేస్‌మెంట్లు చూసే అధికారి) ఒకటే అడగండి: మీకు కావాల్సిన బ్రాంచిలో, ఈ మధ్య పాసై వెళ్లిన ఒక బ్యాచ్ ప్లేస్‌మెంట్ జాబితా హాల్ టికెట్ నంబరు వరసలో చూపించమనండి. పేర్లు దాచేసినా పర్వాలేదు. కంపెనీ వరసలో ఇచ్చిన జాబితా వద్దనండి, ఎందుకంటే అందులో ఒకే పిల్ల మూడు కంపెనీల కింద మూడుసార్లు కనపడుతుంది, మీరు ముగ్గురనుకుంటారు. నంబరు వరసలో అయితే ఒకే నంబరు రెండుసార్లు వస్తే వెంటనే కంటికి తగులుతుంది. మధ్యలో ఎన్ని నంబర్లు ఖాళీగా ఉన్నాయో కూడా కనపడుతుంది. చాలామంది ఇవ్వరు, ‘కాన్ఫిడెన్షియల్’ అంటారు. అదే జాబితాను ఫోటోలతో సహా ఫ్లెక్సీ వేసినవాళ్లు కాన్ఫిడెన్షియల్ అంటే నవ్వొస్తుంది, కానీ అక్కడ వాదన పెట్టుకోకండి. ఇవ్వని సంగతి రాసుకుని బయటికి రండి.

తర్వాత ఇంటికొచ్చి కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రం తీయండి. కాలేజీవాళ్లు దాన్ని ‘డీసీఎస్ రిపోర్టు’ అంటారు. ర్యాంకు వచ్చిన కాలేజీలవైతే ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైట్‌లోనే దొరుకుతాయి. మిగతా వాళ్లవి కాలేజీ వెబ్‌సైట్‌లో, ఎక్కువగా అట్టడుగున చిన్న అక్షరాల్లో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే లింకు కింద ఉంటాయి. అందులో నాలుగేళ్ల యూజీ కోర్సుల పట్టిక ఒకటుంది. ఒక్కో వరుస ఒక్కో బ్యాచ్‌ది. మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, లేటరల్‌గా (డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలోకి) వచ్చినవాళ్లు, నిర్ణీత కాలంలో పాసైనవాళ్లు, ప్లేస్ అయినవాళ్లు, మీడియన్ జీతం, పైచదువులకు వెళ్లినవాళ్లు. హోర్డింగ్ మీద లేని హారం ఇక్కడ కాలేజీ చేత్తోనే రాసి ఉంటుంది.

ఉదాహరణకు ఒక వరుసలో చేరినవాళ్లు 720, లేటరల్ 90, టైముకి పాసైనవాళ్లు 560, ప్లేస్ అయినవాళ్లు 390, పైచదువులు 45, మీడియన్ 3,60,000 అని ఉందనుకోండి. మొత్తం 810 మందిలో 250 మంది టైముకి పాసే కాలేదు. ప్లేస్‌మెంట్ గురించి ఆలోచించేముందు ఆ 250 గురించి ఆలోచించాలి. ప్లేస్ అయినవాళ్లు 810లో 48 శాతం. ఇదే కాలేజీ అదే ఏడాది ఫ్లెక్సీలో 95 అని ఉంటే రెండు అంకెలకూ మధ్య ఎంత దూరం ఉందో అదే ఆ కాలేజీ మాటకూ లెక్కకూ ఉన్న దూరం.

ఈ పట్టికలోనూ మాయ జరగదని కాదు. మూడు గుర్తులు చూడండి. ప్లేస్ అయినవాళ్లు, పైచదువులవాళ్లు కలిపితే పాసైనవాళ్ల సంఖ్యకు మూడేళ్లూ కచ్చితంగా సరిపోతోందంటే, అంటే ఒక్క పిల్ల కూడా ఖాళీగా లేదంటే, ఆ లెక్క జవాబు ముందే అనుకుని వెనక్కి కట్టినదే. మీడియన్ మూడేళ్లూ ఒకే గుండు అంకె ఉంటే అది మీడియన్ కాదు, ఎవరో ఊహించి రాసింది. పైచదువులు ఒక ఏడాది 20, మరుసటి ఏడాది 170 అయితే, ఉద్యోగం రానివాళ్లను ఆ గడిలోకి తోశారని అర్థం. ఎన్‌బీఏవాళ్లు ఈ ఎత్తు ముందే గ్రహించారు. పైచదువుల కింద రాయాలంటే గేట్, జీఆర్‌ఈ లాంటి పరీక్షలో స్కోరు ఉండాలంటారు.

ఈ పట్టికకు రెండు పరిమితులున్నాయి. బ్రాంచిలన్నీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. సీఎస్‌ఈ బలంతో సివిల్, మెకానికల్ కూడా బాగున్నట్టు కనపడతాయి. బ్రాంచి వారీగా కావాలంటే ఆ బ్రాంచి ఎన్‌బీఏ రిపోర్టు చూడాలి. రెండోది, ఇది ఎప్పుడూ పాత బ్యాచ్‌లదే. 2023-24లో ఐటీ కంపెనీలు ఫ్రెషర్ల నియామకాలు బాగా తగ్గించాయి. అంతకుముందు ఊపులో ఉన్న అంకెలు చూసి ఈసారీ అంతే అనుకోకూడదు. ఎప్పుడూ మూడు వరుసలూ కలిపి చూడండి. పడిపోయిన ఏడాదిలో కాలేజీ ఏ మేరకు నిలబడిందన్నదే దాని అసలు బలం.

జీతం సంగతికొస్తే, 44 లక్షల్ని మరచిపోండి. అది ఒక్క పిల్లది, చాలాసార్లు సొంతంగా బయట ప్రయత్నించి తెచ్చుకున్నది. సగటు ఎందుకు పనికిరాదో చూడండి. 70 మందికి 3.5 లక్షల చొప్పున, ఒక్కరికి 44 లక్షలు వస్తే సగటు 4.07 లక్షలవుతుంది. ఆ జీతం తరగతిలో ఒక్కరికీ లేదు. మీడియన్, అంటే మన పదో తరగతి లెక్కల పుస్తకంలోని మధ్యగతం, 3.5 దగ్గరే ఉంటుంది. ఏఐసీటీఈ పత్రంలో కనిష్ఠం కూడా అడుగుతారు కాబట్టి అది తప్పకుండా చూడండి. కనిష్ఠం గడి ఖాళీగా ఉందంటే దానిక్కూడా ఒక అర్థముంది.

ప్యాకేజీ అంటే చేతికొచ్చేది కాదని మీకు తెలుసు గానీ, ఎంత తేడా అన్నది పిల్లలు చేరాకే తెలుసుకుంటారు. 4 లక్షల సీటీసీని, అంటే కంపెనీ చెప్పే మొత్తం ప్యాకేజీని, విడగొట్టి చూద్దాం. వేరియబుల్ పే 10 శాతం, అంటే 40,000. కంపెనీ రేటింగ్ ఇస్తేనే వస్తుంది, మొదటి ఏడాది రాదనే అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. గ్రాట్యుటీ, బేసిక్ 2 లక్షలైతే 4.81 శాతం చొప్పున 9,620. ఇది ఐదేళ్లు పనిచేస్తే తప్ప కనపడదు. బీమా 6,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,22,780, నెలకు దాదాపు 26,900. అందులోంచి పిల్లాడి వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా చేతికొచ్చేది 24,900. 4 లక్షలను 12తో భాగించి 33 వేలనుకుని బెంగళూరులో పీజీ గది చూసుకున్నవాడికి మొదటి నెలే దెబ్బ తగులుతుంది. జాయినింగ్ బోనస్, రిలొకేషన్ కూడా ప్యాకేజీలో కలిపేసి ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఈ కల్తీని అరికట్టడానికి ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో ఒక రిపోర్టింగ్ ప్రమాణం ఉంది. స్థిరంగా వచ్చే నగదు వేరు, ఒక్కసారి ఇచ్చేది వేరు, పనితీరుమీద ఇచ్చేది వేరు అని గడులు విడదీసి, బయటి ఆడిటర్ చేత సంతకం పెట్టిస్తారు. మన దగ్గర ఏ ఇంజినీరింగ్ కాలేజీ అయినా ఇలా చేయొచ్చు, అడ్డేమీ లేదు.

ఇప్పుడు ఆఫర్ అంటే ఏమిటన్నది. మన కాలేజీల్లో లెక్క పెట్టేది చివరి ఏడాది మొదటి సెమిస్టర్లో, పిల్ల చేతికి ఉత్తరం వచ్చిన రోజున. చేరిన రోజున కాదు. 2022 బ్యాచ్‌లో పెద్ద ఐటీ కంపెనీల ఆఫర్ లెటరు పట్టుకుని ఏడాది, రెండేళ్లు ఎదురుచూసినవాళ్లున్నారు. కాలేజీ లెక్కలో వాళ్లంతా ‘ప్లేస్డ్’.

మెకానికల్, ఈఈఈ, డిప్లొమా పిల్లల విషయంలో మరొకటి కనిపెట్టుకోవాలి. శ్రీసిటీ, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలు మనకున్న వరమే, కాదనను. కానీ ఉత్తరంలో ‘గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రెయినీ’ అని ఉందా, ‘అప్రెంటిస్’ అని ఉందా చూడాలి. అప్రెంటిస్‌ల చట్టం 1961, సెక్షన్ 18 ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాదు. గడువు అయిపోయాక ఉంచుకోవాలన్న బాధ్యత మామూలుగా కంపెనీకి ఉండదు. నేర్చుకోడానికి మంచి అవకాశమే. దాన్ని ఉద్యోగం గడిలో రాయడమే తప్పు. అలాగే చదివిన కాలేజీలోనే ల్యాబ్ అసిస్టెంటుగానో, అడ్మిషన్ల సీజన్‌లో ఫోన్లు చేసే పనికో పెట్టుకుని ‘ప్లేస్డ్’ అని రాసేవాళ్లూ ఉన్నారు.

అసలు ఎవరూ పేరు వినని కంపెనీ ఒకే కాలేజీ నుంచి 60 మందిని తీసుకుందని కనపడితే పదినిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ ఉంది, లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు కొడితే ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో చూపిస్తుంది. 60 మంది చేరారన్న నెల తర్వాత కూడా అక్కడ 11 మందే ఉంటే ఆ కంపెనీ సంగతి తెలిసిపోయినట్టే. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఎప్పుడు నమోదైందో చూడండి. నమోదై ఆర్నెల్లు కాని కంపెనీ పెద్ద ఎత్తున తీసుకుందంటే అది శిక్షణ పేరుతో పిల్లల దగ్గరే డబ్బు గుంజే కన్సల్టెన్సీ కావచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నా, డిపాజిట్ కట్టమన్నా అది ఉద్యోగం కాదు.

ఇక అసలు రూలు ఎలా ఉండాలన్నది. మీరు పైపైన అడిగారు గానీ ఇక్కడే కాస్త ఆగాలి, ఎందుకంటే ‘కాలేజీలను తప్పనిసరిగా చెప్పమనండి’ అన్న ఒక్క మాటతో పని కాదు. పైన చూశాం కదా, చెప్పమంటే చెప్తూనే ఉన్నారు.

మన రాష్ట్రంలో ఒక సౌకర్యం ఉంది, దాన్నెవరూ వాడుకోవడంలేదు. హారం ఇప్పటికే ప్రభుత్వం దగ్గరుంది. కన్వీనర్ కోటాలో ఎవరు ఏ కాలేజీ, ఏ బ్రాంచిలో చేరారో ఈఏపీసెట్ కన్వీనర్ జాబితాలో ఉంది. ఈసెట్ వాళ్లదీ అంతే. మేనేజ్‌మెంట్ కోటా పిల్లలు కూడా హాల్ టికెట్ నంబరుతో యూనివర్సిటీలో నమోదవుతారు. ఎవరు ఎప్పుడు పాసయ్యారో యూనివర్సిటీకి తెలుసు. అటానమస్ కాలేజీలైనా డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే. అంటే కాలేజీని అడగాల్సింది లవం ఒక్కటే. హారం పైనుంచి ముందే అచ్చు వేసి పంపితే, ‘ఎలిజిబుల్’, ‘ఇంట్రెస్టెడ్’ అనే జల్లెడలు పెట్టుకునే వీలే ఉండదు. ప్రైవేటు యూనివర్సిటీలకు ఇది కుదరదు, వాటికి పరీక్షలూ డిగ్రీలూ సొంతం. వాటికి వేరే ఏర్పాటు కావాలి.

లవం కూడా కాలేజీ మాట మీద వదలక్కర్లేదు. అమెరికాలో లాభాపేక్షతో నడిచే కాలేజీల కోర్సులకూ, సర్టిఫికెట్ కోర్సులకూ ఒక రూలు పెట్టారు. చదివినవాళ్ల అప్పుకూ సంపాదనకూ పొంతన ఉందా అని చూడడం దాని ఉద్దేశం. ఆ సంపాదన అంకె కాలేజీ చెప్పేది కాదు, ప్రభుత్వ రికార్డుల నుంచే తీసేది. 2014లో తెచ్చారు, 2019లో ఎత్తేశారు, 2023లో మళ్లీ తెచ్చారు, రాజకీయం అక్కడా ఉంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది పీఎఫ్ రికార్డు. కానీ అదొక్కటే కొలబద్ద చేస్తే దెబ్బతింటాం. 20 మందికంటే తక్కువున్న సంస్థలు అందులోకి రావు. బేసిక్ 15,000 దాటి కొత్తగా చేరేవాళ్లకు పీఎఫ్ తప్పనిసరి కాదు. గవర్నమెంటు ఉద్యోగులు కనపడరు. గల్ఫ్‌కో, అమెరికాకో పోయినవాళ్లు కనపడరు. అందుకని పీఎఫ్‌తో సరిపోలినవాళ్లను నిర్ధారణ అయినవాళ్లుగా వేసి, మిగతావాళ్లలోంచి కొందరిని ఎంచి ఫోన్ చేసి సరిచూడాలి.

ఏ రోజున లెక్కపెట్టాలన్నది కూడా ముఖ్యం. బ్రిటన్‌లో చదువైపోయిన 15 నెలలకు పిల్లల్నే అడుగుతారు. అమెరికా లా కాలేజీలు 10 నెలలకు లెక్క చెప్పాలి. మే నెలలో పాసైతే మార్చికి. మనకూ మార్చి 31 సరిపోతుంది, అప్పటికి ఆఫర్ వచ్చినవాడు చేరాడా లేదా తేలిపోతుంది.

ఆ లా కాలేజీల కథ తెలుసుకోదగ్గది. 2011 ప్రాంతంలో ఉద్యోగాల లెక్కల్లో మోసపోయామని పలు కాలేజీల మీద పాత విద్యార్థులు కోర్టుకెక్కారు. ఎక్కువ కేసులు నిలబడలేదు. కానీ ఆ గొడవతో అక్కడి లాయర్ల సంఘం, బార్ అసోసియేషన్, గడులు విడగొట్టింది. లాయరుగా చేసే ఉద్యోగమా, కాదా, పూర్తికాలమా, పార్ట్‌టైమా, కనీసం ఏడాదైనా ఉండేదా, తాత్కాలికమా, కాలేజీయే జీతమిచ్చి పెట్టుకున్నదా. ఈ చివరి గడి ఎందుకొచ్చిందో మీరు ఊహించగలరు. లెక్క తేదీ దగ్గరపడగానే సొంత విద్యార్థులకు తాత్కాలికంగా కొలువులిచ్చిన కాలేజీలు అక్కడా ఉన్నాయి.

మన గడులు మనకు వేరుగా ఉండాలి. తిరుపతి కోచింగుల ఊరు. బీటెక్ అయ్యాక గ్రూప్స్‌కో, బ్యాంకుకో, గేట్‌కో రెండేళ్లు కూర్చునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్లను ‘నిరుద్యోగులు’ కింద వేస్తే కాలేజీకి అన్యాయం, ‘పైచదువులు’ కింద వేస్తే తల్లిదండ్రులకు అన్యాయం. వాళ్లకు విడిగా గడి కావాలి. పెళ్లయి ఉద్యోగం వెతకని ఆడపిల్లలకూ అంతే. లేకపోతే మహిళా కాలేజీలన్నీ అట్టడుగున కనపడతాయి, మంచి చదువు చెప్తున్నా సరే. ఆచూకీ దొరకనివాళ్లకు ఒక గడి ఉండాలి, వాళ్లను హారంలోంచి తీసేయకూడదు. తీసేయనిస్తే ఉద్యోగం రానివాళ్లందరూ ఆచూకీ లేనివాళ్లయిపోతారు.

ఇంత పకడ్బందీగా చేసినా ఒక చెడు ఉంది. అంకెకు శిక్ష ముడిపెడితే కాలేజీలు అంకెనే పెంచుతాయి. వెనకబడిన పిల్లల్ని మూడో ఏడాదిలోనే డిటెయిన్ చేయడం, సివిల్ బ్రాంచి మూసేసి సీఎస్‌ఈకి ఇంకో రెండు సెక్షన్లు పెంచడం, ఏదో ఒక బీపీఓలో చేరమని ఒత్తిడి పెట్టడం, చేరకపోతే సర్టిఫికెట్ల దగ్గర సతాయించడం. అందుకే నా అభిప్రాయంలో తక్కువ అంకె వచ్చినందుకు శిక్ష వద్దు, తప్పు అంకె ఇచ్చినందుకే శిక్ష ఉండాలి. గ్రామీణ కాలేజీ 35 శాతం అని నిజం చెప్తే దాన్ని బతకనివ్వాలి.

ఈ లోపు అబద్ధపు ప్రకటన కనపడితే ఏం చేయాలి? వినియోగదారుల కమిషన్‌కు పోదామనుకుంటారు చాలామంది. యూనివర్సిటీ విద్యార్థికి ‘సేవ’ అమ్మడం లేదని సుప్రీంకోర్టు 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో చెప్పింది. ఆ దారి కష్టం. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు కోచింగ్ సెంటర్లకే, కాలేజీలకు కాదు. కొంతైనా పనిచేసేది ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ. దాని నియమాల్లో, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో ప్రకటనలో చెప్తే ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది పాసయ్యారో కూడా చెప్పాలని ఉంది. మళ్లీ హారమే. ‘గత రికార్డు భవిష్యత్తు ఉద్యోగాలకు హామీ కాదు’ అనే మాట కూడా ఉండాలి. ఫ్లెక్సీని తేదీతో సహా ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. శిక్షించే అధికారం దానికి లేదు, ప్రకటన తీయించగలదు, అంతవరకే. కాలేజీ ఏఐసీటీఈ పత్రంలో అంకె ఒకటి, ఫ్లెక్సీలో ఒకటి ఉంటే రెండూ జతచేసి ఏఐసీటీఈకి పంపడం మేలు.

ఇక మీరు చేయాల్సిన పని విషయానికొస్తే, వెబ్ ఆప్షన్లకు ముందు మీకు వారం ఉంటుందనుకుందాం. మొదటి రోజు మూడు కాలేజీల డీసీఎస్ పత్రాలు, మాండేటరీ డిస్‌క్లోజర్లు తీసి చేరినవాళ్లు, పాసైనవాళ్లు, ప్లేస్ అయినవాళ్లు, మీడియన్ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. మరుసటి రోజు లింక్డ్‌ఇన్‌లో ఒక్కో కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగానికి వెళ్లి, రెండేళ్ల కిందట పాసైనవాళ్లను వడగట్టి, వరసగా 20 మంది ఏం చేస్తున్నారో చూడండి. ఏరి చూడొద్దు, వరసగా చూడండి. లింక్డ్‌ఇన్‌లో ఖాతా ఉన్నవాళ్లు కాస్త ముందున్నవాళ్లే అని గుర్తుంచుకోండి. నాక్ జాబితాల్లో కొన్నిచోట్ల పిల్లల ఫోన్ నంబర్లు కూడా బహిరంగంగా పడేశారు. వాటికి ఫోన్ చేయకండి, కాలేజీ చేసిన పొరపాటు భారం ఆ పిల్లల మీద వేయకూడదు. తర్వాత టీపీఓ దగ్గరికెళ్లి ఆ కాగితం ముందుపెట్టి అడగండి. కాగితంతో వచ్చిన తండ్రికి చెప్పే జవాబు వేరేగా ఉంటుంది. క్యాంపస్ ఉద్యోగాలకిచ్చే శిక్షణ (సీఆర్‌టీ) ఫీజు ఎంత, అది ట్యూషన్ ఫీజులో ఉందా బయటా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఆర్‌టీఐ దరఖాస్తుకు జవాబు రావడానికి 30 రోజులు పడుతుంది, అబ్బాయికి ఈ ఏడాది అందదు. కానీ మీ చిన్నమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది అన్నారు కాబట్టి ఇప్పుడే వేయండి. ప్రైవేటు కాలేజీకి నేరుగా వేస్తే తిప్పి పంపుతారు. అనంతపురం జేఎన్‌టీయూ పౌర సమాచార అధికారికి, 10 రూపాయల ఫీజుతో, ఇలా రాస్తే చాలు: “ఫలానా కోడ్ గల అనుబంధ కాలేజీలో 2021, 2022 సంవత్సరాల్లో మొదటి ఏడాదిలోనూ, ఆ బ్యాచ్‌లలో లేటరల్‌గానూ నమోదైన విద్యార్థుల సంఖ్య బ్రాంచి వారీగా ఇవ్వగలరు. వారిలో నాలుగేళ్ల గడువులోపు అన్ని సబ్జెక్టులూ పాసైనవారి సంఖ్య బ్రాంచి వారీగా ఇవ్వగలరు.” పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. ప్లేస్‌మెంట్ల గురించి అందులో ఒక్క మాట కూడా రాయొద్దు, ‘మా వద్ద లేదు’ అన్న ఒక్క వాక్యంతో మొత్తం దరఖాస్తు మూసేస్తారు.